ఊఁ తీసేశాక

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు కోడలు చేసే పని ఒకటుంది. వంటింట్లో అత్తగారి పాదాల దగ్గర గొంతుక్కూర్చుని, స్టీలు స్కేలు నిలబెట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ ఆవిడ నేలలోకి ఎంత దిగిందో కొలవడం. కొలిచి, గోడ మీద పెన్సిలు గీత గీసి తేదీ వేయడం. పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి గీతలు పైకి పాకుతాయి. ఈ ఇంట్లో కొన్నాళ్లు కిందికి పాకాయి, మళ్లీ పైకొచ్చాయి, ఏడాదిగా ఒకే చోట గీత మీద గీత పడి గోడకి కాటుక పెట్టినట్టయింది.

"ఎంత?" అంది అత్తగారు.

"లెవెలే అత్తయ్యా."

"లెవెలే అని నోటితో అంటే చాలదమ్మాయ్. వెంట్రుకవాసి తేడా ఉన్నా జనం కాలు తన్నుకుని బోర్లా పడతారు. నా చేతి కింద ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరు పడలేదు. ఒక్కరంటే ఒక్కరు. ఒకడు పడ్డాడనుకో, వాడు తాగొచ్చాడు, వాడు లెక్కలోకి రాడు."

ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ పదకొండు అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపింది. బొత్తాం నొక్కితే తనంతట తాను ఆగే లిఫ్టు కాదు. ఇత్తడి పిడి తిప్పుతూ, అరికాళ్లతో అంతస్తుని పసిగట్టి, నేలకి నేల అతికినట్టు ఆపాల్సిన లిఫ్టు. అన్నేళ్లలో ఆవిడ ఎక్కి దిగిన దూరమంతా కలిపితే చందమామ దాకా పోయి, అక్కడ ఓ టీ తాగి, తీరిగ్గా తిరిగి రావచ్చు. విన్న కబుర్లకైతే కొలతే లేదు. కాకపోతే అన్నీ సగం కబుర్లు. రెండో అంతస్తులో మొదలుపెట్టినవాడు ఆరో అంతస్తులో దిగిపోతాడు, ముగింపు వాడి వెంటే పోతుంది. అలా ఆవిడ దగ్గర తోకల్లేని కథలు ఓ లక్ష మిగిలాయి.

వయసు మళ్లాక కొందరికి మోకాళ్లు పట్టేస్తాయి, కొందరికి కళ్లలో పొర వస్తుంది, మాటకారులకి దిగడం వస్తుంది. చెప్పేది వినే నాథుడు లేకపోతే నేలలోకి దిగుతారు, అంతే. సిమెంటయినా, పాలరాయి అయినా ముద్దలో వేలు దిగినట్టే, చుట్టూ చిన్న బీట కూడా ఉండదు. పోనీ నోరు మూసుకుంటే ఆగుతుందా అంటే, మాట లోపల ఉండిపోయి ఇంకా బరువెక్కుతుంది. డాక్టర్లు దీనికి మాత్రలు రాయరు. చీటీ మీద 'ఊఁ - రోజుకి వంద' అని గీకి, తర్వాతి రోగిని పిలుస్తారు.

ఆ వంద ఊఁలు ఎక్కణ్ణుంచి తేవాలి? కొడుక్కి తల్లంటే ప్రాణమే. కానీ పాతికేళ్లు అచ్చు యంత్రాల మధ్య నిలబడి చెవులు రెండూ ప్రెస్సుకే ఇచ్చేశాడు. ఆవిడ కళ్ల నీళ్లు పెట్టుకునే చోట నవ్వి ఊఁ అంటాడు. అలాంటి ఊఁ పనిచెయ్యదు, నేలకి తెలిసిపోతుంది. ఇక మిగిలింది కోడలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో ఊళ్లోవాళ్ల ఉత్తరాలు చదివి చదివి ఇంటికొచ్చేసరికి ఆవిడ చెవుల్లో చోటుండేది కాదు.

"ఇంతకీ ఎక్కడున్నాం?" అని కథ మధ్యలో పట్టుకునేది అత్తగారు.

"ఏడో అంతస్తులో, అత్తయ్యా."

"ఐదులో! ఇంకా ఐదులోనే ఉన్నాం! నువ్వు నన్ను వదిలేసి ఎప్పుడెక్కావే పైకి?"

ఆ మాటతో ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అత్తగారు నవ్వుతూనే ఓ గోరు మందం దిగేది.

అందుకే ఏడాది కిందట కోడలు ఓ ట్యాబు కొనితెచ్చి, తను పనిచేసే 'కబుర్లగది'లో అత్తగారికి ఖాతా తెరిచింది. అక్కడ లక్షలమంది కబుర్లు చెప్పుకుంటారు. రాయలేనివాళ్లు నోటితో చెబితే అదే రాసుకుంటుంది. ఆ గదికి లోకమంతా పేరు తెచ్చింది ఒకే ఒక్క బొత్తాం. మెచ్చుకోలు కాదు, దెప్పిపొడుపు కాదు, ఉత్త 'ఊఁ'. చేరేటప్పుడే ప్రతివాళ్లూ తమ గొంతుతో ఒక ఊఁ పలికి దాచుకోవాలి. ఎక్కడో ఎవరో నొక్కితే, చెప్పేవాళ్ల ఇంట్లో ఆ మనిషి గొంతే వినబడుతుంది. వణికే ఊఁలు, జలుబు చేసిన ఊఁలు, నోట్లో ముద్ద పెట్టుకుని అన్న ఊఁలు. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి అత్తగారికి మొదటి ఊఁ నొక్కింది కోడలే. మళ్లీ నొక్కాల్సిన పని పడలేదు. 'లిఫ్టమ్మ' అనే పేరు పెట్టుకుని ఆవిడ నోరు తెరిచిందో లేదో, ఊఁలు వడగళ్లలా పడ్డాయి. నెల తిరక్కుండా పాదాలు బయటికొచ్చి, ఆవిడ బాల్కనీ దాకా నడిచి బట్టలు ఆరేసింది.

అందరికన్నా ఎక్కువ నొక్కినవాడు 'ఉప్పుడబ్బా' అని ఒకడు. రోజుకి నలభై, యాభై. ఎన్నడూ ఒక్క మాట రాసిన పాపాన పోలేదు.

కబుర్లగది ఆఫీసు గాజు భవనం. అందులో కోడలి పైఅధికారికి 'సారాంశం' అని పేరు. ఎవరేం చెప్పబోయినా చెయ్యెత్తి "సారాంశం చెప్పమ్మా" అంటాడు. పెళ్లిచూపుల్లో కూడా అదే అన్నాడనీ, పిల్ల "వద్దు" అనేసిందనీ ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన ఒకరోజు కోడల్ని పిలిచి ఊఁ బొత్తాం లెక్క తియ్యమన్నాడు. ఆవిడ మూడు వారాలు కళ్లు పోగొట్టుకుని తీసింది. ఊఁ నొక్కిన వందమందిలో తొంభై ఆరుగురు ఆ తర్వాత ఏమీ చెయ్యడం లేదు. రాయరు, పంచుకోరు, ప్రకటన వైపు కన్నెత్తి చూడరు. కాగితం మీద ఆఖరి గడిలో 'ఊఁ తర్వాత ఏమీ జరగడం లేదు' అని రాసింది. ఊఁ తర్వాత జరిగేదంతా అవతలివాళ్ల ఇంట్లో, నేల మీద, కాళ్ల దగ్గర జరుగుతుంది. దానికి ఆ కాగితంలో గడి లేదు.

"అయితే ఉంచాలా, తియ్యాలా?" అన్నాడు సారాంశం.

"అంటే, మా అత్తగారు ఉన్నారండీ, ఆవిడ లిఫ్టు..."

"సారాంశం చెప్పమ్మా."

బల్ల చుట్టూ పదకొండుమంది కూర్చున్నారు. పదకొండు జతల కళ్లు గడియారం వైపున్నాయి. కోడలూ అటే చూసింది.

"అవసరం లేదనుకుంటానండి," అంది.

బయటికొస్తుంటే చెప్పు నేలకి అతుక్కుంది. గట్టిగా లాగితే వచ్చింది. నేల తుడిచే మందు సరిగా ఆరలేదనుకుని ఆవిడ సీటుకెళ్లి కూర్చుంది.

*

సోమవారం పొద్దున ఊఁ పోయింది. దాని చోట ఎర్ర గుండె ఒకటి, బొటనవేలు ఒకటి వచ్చాయి.

మధ్యాహ్నానికి నలభై వేల ఉత్తరాలు. ఆఫీసు యంత్రాలు ఉబ్బసం వచ్చినట్టు రొప్పాయి. అవన్నీ కోడలి బల్ల మీదికే. ఒక్కోదాన్నీ ఒక్క వాక్యంలోకి కుదించి, ఆరు సొరుగుల్లో ఒకదాన్లో వెయ్యాలి: కోపం, బెదిరింపు, బతిమాలుకోవడం, వేళాకోళం, సలహా, ఇతరాలు.

ఒకడు మీ ఇళ్ల గడియలు ఊడిపోనని మొదలుపెట్టి, మీ దుప్పట్లు పొట్టివైపోను, మీ చెప్పులు జత తప్పిపోను అంటూ పద్నాలుగు పేజీల శాపనార్థాలు పంపాడు. ఒకావిడ 'ఊ' అక్షరం పదకొండు వేలసార్లు రాసింది. ఒకడు ఈ గదిలో ఇక కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయి, తను వెళ్లిన సంగతి ఎవరైనా గమనించారేమోనని ఆ పూటే మూడుసార్లు వచ్చి చూసుకున్నాడు. జనం ఊరుకోలేదు, బొత్తాం లేకపోతేనేం అని కింద 'ఊఁ' అని రాయడం మొదలెట్టారు. మూడు మాటలకి తక్కువైతే చెరిపేసే నిబంధన ఒకటుంది, చెరిపేసింది. 'ఊఁ ఊఁ ఊఁ' అన్నారు. ఒకే మాట మళ్లీ మళ్లీ రాస్తే చెరిపేసే నిబంధన ఇంకోటుంది, అదీ చెరిపేసింది. సారాంశం మాత్రం నిబంధనలు చక్కగా పనిచేస్తున్నాయని మురిసిపోయాడు.

ఒక పెద్దమనిషి మెచ్చుకుంటూ రాశాడు: 'మంచి పని చేశారు. మా ఆవిడ వాగుడు తగ్గింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది.' తొమ్మిదో రోజున ఆయన దగ్గర్నుంచే ఇంకో ఉత్తరం: 'మా ఆవిడ కనబడ్డం లేదు. తివాచీ మధ్యలో గుండ్రంగా, కొబ్బరికాయంత ఎత్తుగా ఏదో ఉంది. ఎత్తి చూడ్డానికి భయంగా ఉంది. ఎవరికి ఫోన్ చెయ్యాలి?' కోడలు దాన్ని రెండుసార్లు చదివి 'సలహా'లో వేసింది.

ఉప్పుడబ్బా మొట్టమొదటిసారి రాశాడు. 'నాకు పుట్టుకతో మాట రాదు. ఊఁ ఒక్కటే వచ్చు. దాంతోనే ఇన్నాళ్లూ నలుగురిలో ఉన్నాను. అది కూడా పట్టుకెళ్లారు.' అది 'బతిమాలుకోవడం'లోకి వెళ్లింది. వేసేటప్పుడు కోడలి చెయ్యి ఆగింది. కింద ఇంకా ముప్పై ఆరు వేలున్నాయి. వేసేసింది.

ఇంట్లో గీతలు కిందికి దిగడం మొదలెట్టాయి. మొదటివారం చీలమండలు. అత్తగారు బురదలో నడిచినట్టు కాళ్లీడ్చుకుంటూ పొయ్యి దాకా వెళ్లేది. రెండోవారం మోకాళ్లు. ఇక వంటింటి మధ్యలో నాటుకుపోయింది.

"ఏ పుణ్యాత్ముడే ఆ బొత్తాం పీకింది?" అంది.

స్కేలు పట్టుకున్న కోడలు తలెత్తలేదు. "పైవాళ్లు అత్తయ్యా."

"పైన ఉండేవాళ్లు నాకు కొత్తా? పదకొండో అంతస్తువాడు గంట నొక్కితే చెయ్యి తియ్యడు. మధ్యలో నిలబడ్డవాళ్లు వాడికి కనబడరు. ఎంత?"

"రెండు వేళ్లు."

"మూడు. నా అరికాళ్లకి తెలీదా?"

కింది వాటాలో గడియారాల మేస్త్రీ, ఆయన భార్య ఉంటారు. వాళ్ల కప్పులోంచి అత్తగారి పాదాలు వేలాడుతున్నాయి. తలకి తగులుతున్నాయని మేస్త్రీ బల్ల అవతలికి జరుపుకున్నాడు. ఆయన భార్య స్టూలెక్కి గోళ్లు తీసింది. చలి పెరిగాక ఉన్ని మేజోళ్లు తొడిగి, పైకొచ్చి "సరిపోయాయా పెద్దమ్మగారూ?" అని కూడా అడిగింది. అత్తగారు ఆ మేజోళ్ల దగ్గర్నుంచి ఎనిమిదో అంతస్తులో మేజోళ్లు అమ్మిన మనిషి కథ ఎత్తుకుంది. "అయ్యో, పొయ్యి మీద కూరుంది" అని ఆవిడ పరుగెత్తింది.

రోజూ సాయంత్రం కోడలు బ్యాగు కూడా దించకుండా అత్తగారి పక్కన చతికిలబడి ఊఁ అనేది. ఇరవై అనేది, ముప్పై అనేది. అంటూనే ఆ శాపనార్థాలాయన్ని కోపంలో వెయ్యాల్సిందా, వేళాకోళంలో వెయ్యాల్సిందా అని తలపోసేది. నేల ఊరుకోలేదు. మూడోవారానికి నడుము.

ఉత్తరాల ధాటికి కంపెనీ ఒక మెట్టు దిగింది. ఊఁని మళ్లీ తెచ్చింది. ఈసారి మనుషులు నొక్కక్కర్లేదు. యంత్రమే ఏడు సెకన్లకోసారి, ఒకే గొంతుతో, తేనెలో ముంచినట్టు ఊఁ అంటుంది. ఎవరి గొంతూ కాదది, వేలమంది గొంతులు కలిపి రుబ్బిన గొంతు.

అత్తగారు ట్యాబు ముందు చెప్పడం మొదలెట్టి, ఉన్నట్టుండి నోరు మూసుకుంది.

"ఊఁ," అంది యంత్రం.

ఆవిడ తెర వంక వంగి చూసింది.

"ఊఁ."

"నేనేం చెప్పానని?" అంది అత్తగారు.

"ఊఁ."

"ఇది వినడం లేదమ్మాయ్," అంది కోడలితో. "మనిషి చచ్చినా ఊఁ అంటుంది." ఆ రాత్రికే ఆవిడ చంకల దాకా దిగింది. చేతులు నేలలోకి పోనివ్వకుండా పైకి తీసి, నీళ్ల తొట్టి గట్టు పట్టుకున్నట్టు మోచేతులు నేల మీద ఆనించుకుంది.

నాలుగోవారం ఉత్తరాలు తగ్గిపోయాయి. రోజుకి వేలల్లోంచి వందల్లోకి, వందల్లోంచి పదుల్లోకి.

"చూశావా? జనం మర్చిపోయారు," అన్నాడు సారాంశం. "నేను ముందే అన్నానా లేదా? కోపం రెండు వారాలు, బెంగ ఒక వారం. ఆ తర్వాత అలవాటు పడతారు."

కోడలు ఆ రోజు కాగితంలో 'అలవాటు పడ్డారు' అని రాసింది. రాస్తుంటే, నేల మీద ఆనించిన అత్తగారి మోచేతులు కళ్ల ముందు కదిలాయి. ఉత్తరాలు రాయాల్సిన చేతులు నేల కిందికి పోయుంటే ఉత్తరాలెలా వస్తాయి? ఈ సంగతి చెబుదామని లేచింది. కుర్చీ ఎందుకో ఇదివరకటికన్నా ఎత్తుగా తోచింది, కాళ్లు చల్లబడ్డాయి.

"ఏంటమ్మా?"

"అదేనండీ, ఉత్తరాలు తగ్గడానికి కారణం... కొంచెం మొదట్నుంచీ చెప్పాలి."

"రాసివ్వు. రెండు ముక్కల్లో."

కూర్చుంది.

మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. బల్ల మీదికి ఒక ఉత్తరం వచ్చింది. పొడుగ్గా ఉంది, నోటితో చెప్పి రాయించింది. పంపినవారు: లిఫ్టమ్మ. 'అయ్యా, ఏడో అంతస్తులో దిగిన కళ్లజోడాయన కథకి ముగింపు నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు...'

కోడలు నవ్వుకుంది. సాయంత్రం ఇంట్లో వినేదే కదా ఇది, ఎటూ తప్పదు. ఇప్పుడు చదువుతూ కూర్చుంటే మిగిలిన పదహారు ఉత్తరాలూ అయిదులోపు తెమలవు. కింద ఒక్క వాక్యం రాసింది: 'వృద్ధురాలు, పాత జ్ఞాపకం.' రాసి, 'ఇతరాలు'లో వేసింది.

*

సాయంత్రం వంటింటి నేల నున్నగా ఉంది. ట్యాబు ఒక్కటే నేల మీద వెలుగుతోంది. "ఊఁ," అంటోంది. ఏడు సెకన్లాగి, "ఊఁ." తెర మీద లెక్క చూపిస్తోంది: ఆవిడ ఆఖరి మాట తర్వాత వెయ్యీ ఏడువందల ఊఁలు.

కోడలు మెట్ల మీద పడుతూ లేస్తూ కింది వాటాకి పరుగెత్తింది. గడియారాల మేస్త్రీ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"రెండూ పదికి దిగారు చెల్లెమ్మా. తల కప్పులోంచి వచ్చేదాకా నిదానమే, ఆ తర్వాత అచ్చం లిఫ్టు దిగినట్టే. 'మూడు! ఎవరైనా ఎక్కాలా?' అన్నారు. నేను నవ్వాను. కళ్లజోడాయన అంటూ ఏదో చెప్పబోయారు. చేతిలో చిన్న స్ప్రింగు పట్టుకుని ఉన్నాను, వదిలితే ఎగిరిపోతుంది. 'ఒక్క నిమిషం పెద్దమ్మగారూ' అన్నాను. తలెత్తేసరికి నేల మీద జుట్టుముడి మాత్రం కనబడింది."

రెండో అంతస్తులో పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంది. "'రెండు!' అన్నారండీ. ఎవరో ఆయన అడిగాడట, ఇంకొక్క నిమిషం లిఫ్టు ఆపగలరా అని. పైనుంచి గంట మోగుతోందట. నేను ఫోన్లో ఉన్నాను. చేత్తో ఆగమని సైగ చేశాను."

ఒకటో అంతస్తు తాళం వేసి ఉంది. కింద బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం. దుకాణమ్మ ఆవిరి మధ్యలోంచి చెప్పింది: "'కింది అంతస్తు, అందరూ దిగండి' అందమ్మా. 'నేనే తలుపు తీశాను' అని కూడా అంది. ఏం తలుపో, ఏమో. ఆవిడ మొహం చూసి పెట్టె పక్కన పెట్టేలోపు..."

దుకాణం కింద ఇంకా నేలమాళిగ ఉంది. పాత కుర్చీలు, నీళ్ల మోటారు, బూజు. మోటారు పక్కన గచ్చు మీద ఉన్ని మేజోడు ఒకటి పడి ఉంది, కాలి నుంచి జారినట్టుంది. ఇంకేమీ లేదు. దాని కింద మట్టి. మట్టి దాకా పోయినవాళ్లు తిరిగొచ్చిన దాఖలా ఎక్కడా లేదు.

కోడలు గచ్చు మీద బోర్లా పడుకుని చెంప ఆనించింది. "ఊఁ," అంది. "ఊఁ, అత్తయ్యా. తలుపు తీశారు. తర్వాత?"

మోటారు దానిపాటికది తిరుగుతోంది.

ప్రెస్సు నుంచి కొడుకు వచ్చాడు. గునపం తెచ్చాడు. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని, వినబడేలా చెవిలో అరిచాడు: "పెంకులొస్తాయి బాబూ. పెద్దమ్మగారు రారు." కొడుకు గునపం కింద పెట్టి, అరచెయ్యి గచ్చుకి ఆనించి, చెవులతో కాకపోయినా చేత్తోనైనా ఏదైనా తెలుస్తుందేమోనని చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. లేచేటప్పుడు తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు కోడలు ఆఫీసుకెళ్లి 'ఇతరాలు' సొరుగు తెరిచింది. ఆ ఉత్తరాన్ని ఆసాంతం, అక్షరం వదలకుండా చదివింది.

కళ్లజోడాయన ఏదో కాగితం కోసం రోజూ ఏడో అంతస్తుకి వచ్చేవాడు. ఎక్కింది మొదలు వాళ్లన్నయ్య తనని బయటికి నెట్టి తలుపేసుకున్న సంగతి చెప్పేవాడు. రోజూ ఏడో అంతస్తు వచ్చేసరికి ఒకే మాట దగ్గర ఆగేవాడు: 'ఆఖరికి తలుపు తెరుచుకుంది. చూద్దును కదా...' ఆ రోజు మాత్రం దిగకుండా అడిగాడు, ఇంకొక్క నిమిషం ఆపగలరా అని. ఉత్తరం చివర ఇలా ఉంది: 'పదకొండో అంతస్తువాడు గంట నొక్కి చెయ్యి తియ్యడం లేదు. నేను తలుపు తీశాను. ఆయన దిగాడు. మర్నాడు పొద్దున ఏడో అంతస్తు వరండాలో కళ్లజోడు మాత్రం పడి ఉంది. నేల నున్నగా ఉంది, చిన్న బీట కూడా లేదు. గంట మోగితే మోగనిచ్చి ఉండాల్సింది. ఏడో అంతస్తుకి రెండంగుళాలు కిందే ఆపేసి, తలుపు తియ్యకుండా, ఊఁ, చెప్పండి అని ఉండాల్సింది. ముప్పై ఒక్క ఏళ్లలో అందరినీ లెవెల్లోనే దింపాను. ఆ ఒక్కణ్ణీ దింపకుండా ఉండాల్సింది. ఈ మాట ఎవరైనా వింటే చాలు, బొత్తాం ఇవ్వకపోయినా పర్లేదు.'

కోడలు ఆ కాగితం పట్టుకుని సారాంశం గదిలోకి వెళ్లింది. ఆయన తలెత్తకుండానే, "సెలవా? కారణం ఒక్క ముక్కలో రాసిపెట్టు," అన్నాడు. ఆవిడ తెల్ల కాగితం తీసుకుని నిలబడింది. ఆ ఒక్క ముక్క ఎంతసేపటికీ తట్టలేదు. ఖాళీ కాగితమే బల్ల మీద పెట్టి వచ్చేసింది. గుమ్మం దాకా పది అడుగులు. అడుగడుగునా చెప్పులు నేలలోంచి పీక్కోవాల్సి వచ్చింది. ఈసారి నేల తుడిచే మందు మీద నెపం పెట్టలేదు.

*

ఆ తర్వాత రోజూ కోడలు నేలమాళిగకి దిగేది. గచ్చు మీద కూర్చుని ఊఁ అనేది, చెవి ఒగ్గి వినేది. నెల గడిచింది. కింద ఏ అలికిడీ లేదు. ఇంట్లో మాట్లాడేవాళ్లూ లేరు, తను ఏమన్నా వినేవాళ్లూ లేరు. మొగుడు ఎదురుగా కూర్చుని ఆవిడ పెదాల వైపే చూసి చూసి, చివరికి తప్పుచోట తలాడించేవాడు. వంటింటి గోడ మీద కొత్త గీతలు వస్తున్నాయి. ఇప్పుడు కోడలు తన కాళ్ల దగ్గర తనే వంగి కొలుచుకుంటోంది. పాదం మునిగింది. చీలమండ మునిగింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ మాళిగ మెట్లు బురదలో దిగినట్టు దిగి, మోటారు పక్కన నిలబడింది. కూర్చోవడం కుదరలేదు. పిక్కల దాకా దిగిపోయింది. గచ్చు చల్లగా, మెత్తగా పట్టుకుంది.

"అత్తయ్యా," అంది. "ఆ బొత్తాం పీకిన పుణ్యాత్ముడెవరని అడిగారు. పైవాళ్లన్నాను."

మోకాళ్లు.

"పైవాళ్లు కాదు. మొదట్నుంచీ చెప్తాను. మిమ్మల్ని కుదించను. మూడు వారాలు కూర్చుని లెక్క తీసింది నేనే. ఆ గదిలో పదకొండుమంది ఉన్నారు. నేను మీ మాట ఎత్తాను. నిజంగానే ఎత్తాను. 'మా అత్తగారు ఉన్నారండీ, ఆవిడ లిఫ్టు' అన్నాను. ఆయన చెయ్యెత్తాడు. అందరూ గడియారం చూస్తున్నారు. నాకూ తొందరగా బయటపడాలనిపించింది. ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే..."

నడుము. ఆవిడ చేతులు పైకి తీసి, నీళ్ల తొట్టి గట్టు పట్టుకున్నట్టు గచ్చు మీద ఆనించింది. ఇక్కడికి ఆపేస్తే బాగుండుననిపించింది. ఎటూ వినేవాళ్లు లేరు.

"నేనే అన్నాను, అవసరం లేదని," అంది. "ఆ తర్వాత మీ ఉత్తరం వచ్చింది. రెండూ పదికి. మీ పేరు చూశాను, చూసి కూడా..."

కింద, మట్టికి ఎంత కిందో తెలీదు, ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది.

"ఊఁ."

తేనె లేదు, తీపి లేదు. పొద్దున్నే పాలు పొంగే వేళ విసుక్కునే గొంతు.

గచ్చు నడుము దగ్గర కొంచెం వదులైంది.

"చూసి కూడా, సాయంత్రం వినేదే కదా అనుకున్నాను, అత్తయ్యా."

"ఊఁ."

మోకాళ్లు తేలాయి. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. ఇతరాల సొరుగు సంగతి, తివాచీ కింద మనిషి సంగతి, మాట రాని ఉప్పుడబ్బా సంగతి, ఖాళీ కాగితం సంగతి. ఏదీ కుదించలేదు. ప్రతిదాని తర్వాతా కిందనుంచి ఒక ఊఁ వచ్చింది, సరిగ్గా రావాల్సిన చోట వచ్చింది. ఇత్తడి పిడి మీద చెయ్యి వేసి, అరికాళ్లతో పసిగడుతూ, ఎవరో ఆవిడని కొంచెం కొంచెంగా పైకి తెస్తున్నారు.

చెప్పడం అయిపోయేసరికి కోడలు గచ్చు మీద నిలబడి ఉంది. వంగి చేత్తో తడిమి చూసింది. నేలకి పాదం అతికి ఉంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"లెవెలే అత్తయ్యా," అంది.

ఈసారి కిందనుంచి ఏమీ రాలేదు. మోటారు ఒక్కటే తిరుగుతోంది.